గడప దాటిన మాట

పోయిన వారం వదినని చేతిలో తడి దువ్వెనలతో, ప్లైవుడ్ గోడ పక్కన ఊపిరి బిగబట్టించి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. గోడకి అవతల నలుగురు మగవాళ్ళు ఐదో మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు మంచి ఎదురుచూపు కాదని ఆవిడకి ఇవతలి నుంచే తెలిసిపోతోంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. అది సెలూన్. పొడుగాటి గదిని ప్లైవుడ్‌తో రెండు చేశారు. అటు మగవాళ్ళకి క్షవరం, ఇటు ఆడవాళ్ళకి వదిన పార్లర్. వడ్రంగి తొందర మనిషి కావడంతో ఆ గోడ పైకప్పు దాకా పోకుండానే ఆగిపోయింది. మనుషులకి అడ్డమైంది గానీ మాటలకి దారి వదిలేసింది. చుట్టుపక్కల వీధులన్నీ సెలూన్ ఆయన్ని ‘అన్నా’ అంటాయి కాబట్టి, ఆయన భార్య అందరికీ వదిన అయి కూర్చుంది.

వారానికి ఒకరోజు దుకాణానికి సెలవు. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారంటే, మామూలుగా మగవాళ్ళు చేరితే ఏవి మాట్లాడుకోరో అవి. ఒంటి రంగు గురించి. వంతెన అవతలి వాళ్ళని ఇవతలి వాళ్ళు ఏ కంటితో చూస్తారన్న దాని గురించి. ఏడుపొస్తే మగాడు దాన్ని ఎక్కడ దాచుకుంటాడన్న దాని గురించి. ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ మొదట అన్నకి ఈ ఆలోచన చెప్పింది. ‘మా దగ్గర పెదవి విప్పని వాళ్ళు నీ కుర్చీలో కూర్చోగానే కడుపులోదంతా కక్కేస్తారట కదా, వాళ్ళందర్నీ ఒకచోట కూర్చోబెట్టరాదూ’ అంది.

నిజమే మరి. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, చేతులు రెండూ దాని కింద పెట్టించి, ముఖానికి నురగ పూస్తే ఎంత బింకపు మనిషైనా మెత్తబడతాడు. ఎదురుగా అద్దమే గానీ మనిషి ఉండడు. ఎవరి కళ్ళలోకీ నేరుగా చూసే పని లేదు. అందుకే వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరి వంతు అయితే వాళ్ళు కుర్చీలో కూర్చుంటారు. అన్న నెమ్మదిగా గడ్డం గీస్తుంటాడు, వాళ్ళు చెప్పుకుంటూ పోతారు. ఒంటిమీద గుడ్డ ఉన్నంతసేపూ తక్కినవాళ్ళు నోరు మెదపకూడదు. అయిపోయాక కింద పడ్డ జుట్టుతో పాటు మాటల్ని కూడా ఊడ్చేసినట్టే. ఒక్కటీ గడప దాటకూడదు.

ఆ పద్ధతి ఎన్ని అద్భుతాలు చేసిందనుకున్నారు! బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ బాబాయి ఉన్నాడే, ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని ఆటపట్టించే మనిషి, ఆయనే ఒకరోజు ఆ కుర్చీలో కూర్చుని, తన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వంతెన దగ్గర స్టాపులో బస్సు పూర్తిగా ఆపేవాణ్ణే కాదని చెప్పి ఏడ్చాడు. అక్కడ ఎక్కేది ఆ నల్లటి వాళ్ళే కదా, పరిగెత్తుకొచ్చి ఎక్కుతార్లే అనుకునేవాడట. గుడ్డ తీశాక, వంతెన అవతలే పుట్టి పెరిగిన వెల్డరు నెమ్మదిగా అన్నాడు: “ఆ బస్సు వెంట పరిగెత్తినవాణ్ణి నేనే బాబాయ్. నా కాళ్ళు ఇంత గట్టిగా ఉన్నాయంటే నీ దయే.” ముందు బాబాయే కళ్ళు తుడుచుకుని నవ్వాడు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. ఆనాటి నుంచి బాబాయి బెంచీ మీద తన పక్కన చోటు ఎప్పుడూ వెల్డరుకి ఉంచేవాడు.

ఇక అసలు గొడవ. వదిన తమ్ముడు గోదాములో గేటు దగ్గర పనిచేస్తాడు. ఆ గోదాములో మూటలు మోసే హమాలీ ఒకడు, వంతెన అవతలివాడు, మోటారు దొంగిలించాడని లోపల కాపలావాళ్ళు పట్టుకుని చావబాదారు. మోటారు తర్వాత వేరే షెడ్డులో దొరికింది, అది వేరే సంగతి. ఆ మనిషి తప్పించుకుని గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. వెనక నుంచి కాపలావాళ్ళు అరిచారు, ‘మగాడివైతే గేటు వెయ్యరా’ అని. తమ్ముడు గేటు వేశాడు. ఇప్పుడా హమాలీ ఆసుపత్రిలో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాడు. మూటల మీది నుంచి జారిపడ్డాడని గోదామువాళ్ళు రాసి పంపారు. తమ్ముడు ఈ సంగతి ఆ కుర్చీలో, ఆ గుడ్డ కింద కూర్చునే చెప్పుకున్నాడు. అందరూ విన్నారు. వెల్డరూ విన్నాడు.

ఇవాళ పొద్దున గేటు సంగతి మీద తమ్ముణ్ణి విచారణకి పిలిచారు.

మాట గడప దాటింది.

ఎవరు దాటించారు? వదిన ముందు తన మీదే అనుమానపడింది. గోడకి ఇవతల కూర్చుని అన్నీ విన్నది తనే కదా. కనుబొమలు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళ ఎదుట ఆ మాట రెండుమూడుసార్లు నాలుక చివరి దాకా వచ్చింది కూడా. మింగేసింది. మింగిన మాట ఇంకా గొంతులో అడ్డంగానే ఉంది, అంచేత అది తను కాదు. మరెవరు? గోడకి అవతల నలుగురికీ ఒకే సమాధానం దొరికినట్టుంది. వాళ్ళెవరూ ఆ పేరు పలకడం లేదు. పలకకపోవడమే వదినకి గుబులుగా ఉంది.

గోడలో పాత మేకు పీకిన చోట చిన్న కన్నం ఉంది. అక్కడ కన్ను పెడితే నేరుగా మనుషులు కనపడరు గానీ అద్దం కనపడుతుంది. అద్దంలో అందరూ కనపడతారు. వదిన దువ్వెనలు బకెట్లో వదిలేసి కన్నం దగ్గరికి వంగింది.

తమ్ముడు బెంచీ చివర మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ముఖం కడుక్కోలేదు వీడు, అనుకుంది. బాబాయి మధ్యలో. తన పక్కన ఉండే ఖాళీ చోటులో ఇవాళ టోపీ పెట్టుకున్నాడు. మందుల షాపాయన గోడకి ఆనుకుని నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. అన్న కత్తికి పదును పెడుతున్నాడు. అప్పటికే పెట్టిన పదునే మళ్ళీ పెడుతున్నాడు.

“ఏం అడిగారో మళ్ళీ ఓసారి చెప్పు,” అన్నాడు మందుల షాపాయన.

“ఎన్నిసార్లు చెప్పను?” తమ్ముడు తలెత్తలేదు. “గేటు వేసింది నువ్వేనా అన్నాడు విచారణ చేసే ఆఫీసరు. గేటులోని చిన్న తలుపు సందులో ఆ హమాలీ వేళ్ళు పెట్టి పట్టుకుంటే, ఆ వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది నువ్వేనా అన్నాడు. మళ్ళీ రేపు రమ్మన్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“ఏమీ అనలేదు.”

“అనకు,” అన్నాడు మందుల షాపాయన. “అసలు ఈ సంగతి అంత దూరం ఎవరు తీసుకెళ్ళారో ముందు తేలాలి. మనలో మన మనిషి అయితే తీసుకెళ్ళడుగా.”

“మనలో మన మనిషి అంటే?” బాబాయి అడిగాడు. అడిగాడు గానీ ఆయనకీ తెలుసు. ఆ చేతికింది టోపీ చెబుతోంది.

అప్పుడే షట్టరు కింద నుంచి వంగి వెల్డరు లోపలికొచ్చాడు. భుజాన టీ ఫ్లాస్కు, చేతిలో కాగితం కప్పులు. చొక్కా మీద నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు.

“ఏంటి, ఎవరూ నవ్వట్లేదు? బాబాయ్ జోకులు అయిపోయాయా, లేక నేను రావాలని దాచుకున్నాడా?”

వెల్డరు బెంచీ దగ్గరికి నడిచి, టోపీని చూసి, అది తీస్తారేమోనని కాసేపు నిలబడ్డాడు. తీయలేదు. కప్పులు కిటికీ గట్టు మీద పెట్టాడు.

“ఇవాళ నీ వంతు,” అన్నాడు మందుల షాపాయన, కుర్చీ చూపించి.

“నాదా? పోయినసారే కదా కూర్చున్నాను. ఇవాళ గేటు తమ్ముడికి ఇవ్వండి, మనిషి వాడిపోయి ఉన్నాడు.”

“కూర్చోవయ్యా, గడ్డం పెరిగిందిగా.”

వెల్డరు అన్న వైపు చూశాడు. అన్న చూడలేదు. గుడ్డ దులిపి పట్టుకున్నాడు. వెల్డరు వచ్చి కూర్చున్నాడు.

వదిన కన్నానికి ఇంకా దగ్గరగా జరిగింది. ఇది మామూలు కూర్చోబెట్టడం కాదు. ఏ గుడ్డ కింద మనిషి భయం లేకుండా మాట్లాడొచ్చని అందరూ ఒట్టు పెట్టుకున్నారో, ఇవాళ ఆ గుడ్డతోనే ఒక మనిషిని కట్టిపడేస్తున్నారు.

అన్న నురగ పూశాడు. ఒక చెంప మీద కత్తి ఆనించాడు. వెల్డరు ఏదో మొదలుపెట్టబోయాడు, వాళ్ళ వీధిలో కుళాయి గురించి. మందుల షాపాయన అడ్డొచ్చాడు.

“ఆ హమాలీ నీకేమవుతాడు?”

అద్దంలో వెల్డరు కళ్ళు పక్కకి తిరిగాయి. తల తిప్పడానికి లేదు, దవడ కింద కత్తి ఉంది. “గుడ్డ ఉండగా మాట్లాడకూడదుగా అన్నయ్యా.”

“అడిగినదానికి చెప్పు.”

“ఏమీ అవడు.”

“మీవాడేగా?”

“వంతెన అవతల కొన్ని వేలమంది ఉన్నారు. అందరూ మా మేనమామలే అనుకుంటున్నారా?”

బాబాయి అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. “అది కాదురా అబ్బాయ్. నొచ్చుకోకు. నువ్వు ఆసుపత్రి దగ్గర కనపడ్డావని ఎవరో అన్నారు. ఎందుకెళ్ళావ్?”

కత్తి గీరుతున్న చప్పుడు ఆగింది. కన్నంలోంచి చూస్తున్న వదినకి వెల్డరు దవడ మీది నురగలో ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. అది నెమ్మదిగా పాకుతోంది. అన్న చేయి జారడం ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదావిడ. పెళ్ళికొడుకులకీ, ముసలాళ్ళకీ, నిద్రలో తూలే తాగుబోతులకీ గీసిన చేయి అది. ఇవాళ వణికింది.

ఎందుకు వణికిందీయనకి?

“అంటే,” వెల్డరు నెమ్మదిగా అన్నాడు, “నేను చెప్పాననా?”

మందుల షాపాయన మళ్ళీ గోళ్ళు చూసుకున్నాడు.

వెల్డరు గుడ్డ కింద నుంచి చేతులు బయటికి తీశాడు. కత్తిని అన్న చేతితో సహా మర్యాదగా పక్కకి జరిపాడు. మెడ దగ్గర ముడి విప్పుకుని లేచి నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురగ. ఇంకోరోజైతే బాబాయి దాని మీద పది జోకులు వేసేవాడు.

“వెళ్ళాను ఆసుపత్రికి,” అన్నాడు. “మీలో ఎవరైనా వెళ్ళారా? లేదుగా. నేను వెళ్ళాను. ఆయన భార్య వరండాలో కింద కూర్చుని ఉంది. ఆవిడ నన్నెప్పుడూ చూడలేదు. నా రంగు చూసి, మనవాడేననుకుని, చాప మీద పక్కకి జరిగి చోటిచ్చింది. ‘జారిపడ్డాడని రాశారు బాబూ, గేటు ఎవరు వేశారో ఒక్క మనిషి చెబితే చాలు’ అంది. నాకు తెలుసు. పేరు తెలుసు, ఇల్లు తెలుసు, వాళ్ళక్క చేతి టీ కూడా తెలుసు. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఇప్పించిన టీ తాగి, లేచి వచ్చేశాను.”

తమ్ముడు ఇంకా కిందికి వంగిపోయాడు.

“ఎందుకొచ్చేశానో అడగండి. అడగరే? ఇదిగో ఈ బెంచీ మీద నాకు చోటుంటుందని. వంతెన ఇవతల నన్ను పేరుపెట్టి, వరసపెట్టి పిలిచే గది ఇదొక్కటే ఉందని. దీనికోసం ఆ మనిషి ఎదుట నోరు కుట్టేసుకున్నాను. రోజూ పొద్దున లేస్తే నా ముఖం నాకే చూడబుద్ధి కావడం లేదు.” బెంచీ వైపు చేయి చూపించాడు. “మీరు నన్ను ఏ పని చేశావని నిలదీస్తున్నారో, నేను అది చేసి ఉండాల్సింది. చేయలేదు. నా సిగ్గు అది. మీరేమో ఇక్కడ టోపీ పెట్టారు.”

బాబాయి చేయి టోపీ మీదకి పోయింది. తీయడానికో, దాచడానికో ఆయనకే తెలియలేదు.

మందుల షాపాయన తగ్గలేదు. తగ్గితే మగతనం పోతుందని కొందరికి ఉంటుంది చూడండి, అలాంటి మనిషి. “మాటలు బాగానే చెబుతావయ్యా. నువ్వు కాకపోతే ఎవరు? నేనా? బాబాయా? సొంత బావా? విన్నది మనమే. అందులో వాళ్ళ తరఫున మాట్లాడేది నువ్వొక్కడివేగా.”

“‘వాళ్ళ’ తరఫునా?” అన్నాడు వెల్డరు. “ఇందాకటి దాకా ‘మీ’ అనేవాడివి అన్నయ్యా, ముఖం మీదే. ఇప్పుడు నేను ఎదురుగా ఉండగానే ‘వాళ్ళు’ అయిపోయాం.”

ఇవతల వదిన నిటారుగా నిలబడింది. ఆవిడకి కోపం వచ్చింది. కోపం వెనకాలే ఇంకొకటి, సూదిలా సన్నది, వచ్చి గుచ్చుకుంది.

వేళ్ళు.

ఆఫీసరు వేళ్ళ గురించి అడిగాడన్నాడు తమ్ముడు. తలుపు సందులో పట్టుకున్న వేళ్ళు. ఒక్కొక్కటే ఊడదీయడం. ఆ సంగతి ఈ గదిలో ఎవరు చెప్పారు? తమ్ముడు ఆ కుర్చీలో కూర్చుని చెప్పిన ప్రతి ముక్కా వదినకి గుర్తే. అవతల ఎంతమంది మగవాళ్ళు విన్నా, ఇవతల నిలబడి విన్నది తోబుట్టువు. తమ్ముడి గొంతు ఎక్కడ తెగిందో, ఎక్కడ గుటక మింగాడో కూడా చెప్పగలదు. గేటు వేశానన్నాడు. అంతే అన్నాడు. వేళ్ళ మాటే ఎత్తలేదు.

అలాంటప్పుడు ఈ గదిలో విన్నవాడు ఎవడూ ఆ మాట మోసుకెళ్ళలేడు. ఇక్కడ లేని మాట ఇక్కడి నుంచి ఎలా పోతుంది?

ఇప్పుడేం చేయాలి? నోరు మూసుకుని దువ్వెనలు కడుక్కుంటే, వెల్డరు తలదించుకుని ఈ గది దాటి పోతాడు, మళ్ళీ రాడు. తమ్ముడి మీద జాలి మిగులుతుంది, కాపురం మిగులుతుంది, అంతా చల్లబడుతుంది. నోరు విప్పితే ఏం కదులుతుందో ఆవిడకి తెలియదు. ఏదో పెద్దదే కదులుతుందని మాత్రం అన్న చేతి వణుకు చూసినప్పుడే తెలిసింది.

వదిన చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ప్లైవుడ్ గోడ చివరున్న పరదా తోసుకుని మగవాళ్ళ వైపు వచ్చేసింది.

సెలవు రోజున ఆవిడ ఆ పరదా దాటింది అదే మొదటిసారి. అందరూ తుళ్ళిపడ్డారు. “నువ్వు లోపలికి పో,” అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు. బతిమాలుకున్నట్టు ఉంది.

“పోతాను లెండి. ఒక్క మాట అడిగి పోతాను.” తమ్ముడి ఎదురుగా వెళ్ళి నిలబడింది. “వేళ్ళ సంగతి ఈ గదిలో ఎప్పుడు చెప్పావురా?”

తమ్ముడు మోకాళ్ళ మధ్య చేతులు ఇంకా లోపలికి ఇరికించుకున్నాడు.

“నిన్నే అడుగుతున్నాను.”

“చెప్పాడు కదా వదినా, గేటు వేసేటప్పుడు...” అంటూ మందుల షాపాయన మొదలుపెట్టి, నోట్లోనే ఆపేసుకున్నాడు. నుదురు ముడిపడింది. బాబాయి వైపు చూశాడు.

“లేదమ్మాయ్,” అన్నాడు బాబాయి నెమ్మదిగా. “నువ్వన్నాక గుర్తొస్తోంది. గేటు వేశానన్నాడు. వేళ్ళ మాట రాలేదు. ఇవాళే విన్నాను నేనూ.”

“అయితే ఆ ఆఫీసరుకి చెప్పిన మనిషి ఈ సెలూన్‌లో వినలేదు బాబాయ్. కళ్ళతో చూసింది. ఆ హమాలీ ఇంకా నోరు విప్పలేదు. కొట్టినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పుకోరు. మరి చూసిందెవరు?” వదిన తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది, చిన్నప్పుడు ముక్కు తుడిచేటప్పుడు ఎత్తినట్టు. “అక్కడ నీతో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరక్కా.”

“నా కళ్ళలోకి చూసి చెప్పు.”

“వదిలెయ్ అక్కా. నీకు దండం పెడతాను. నేనే వేశాను, నేనే చేశాను. నా తిప్పలేవో నేను పడతాను.”

“నువ్వు పడటం సంగతి తర్వాత. ఇతను పడుతున్నాడు కదా!” వెల్డరు వైపు చేయి చూపించింది. “ఇతను కాదని నీకు ఇందాకటి నుంచే తెలుసు. ఆఫీసరు వేళ్ళ మాట అడిగాడని నీ నోటితో నువ్వే చెప్పావు. నీకు తెలిసి ఉండి, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చుని, ముఖానికి నురగతో నిలబెట్టి అడుగుతుంటే చూస్తున్నావా? ఏరా, ఇతనైతే ఏం ఫర్వాలేదనా? ఇతను పోతే ఎవరూ అడగరనా?”

తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగాడు ఏడవచ్చని వారాల తరబడి చెప్పుకున్న గది అది. వాడు మాత్రం పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

“నన్నెందుకు చంపుతావక్కా?” అన్నాడు. “బావని అడుగు.”

వదినకి ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

అన్న గుడ్డ అంచుతో కత్తి తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. వదినకి అప్పుడు ఒక్కొక్కటే పేర్చుకున్నాయి. గోదాము మేనేజరుకి ఆఫీసుగదిలోనే గడ్డం గీసి రావడానికి ఈయన వెళ్ళింది ఆ గొడవ జరిగిన రోజే కదూ! ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సంచీ మూల పడేసి, పంపు కింద చేతులు పెట్టి ఎంతకీ తీయలేదు. నీళ్ళన్నీ అయిపోతున్నాయని తనే కేకలేసింది. అన్నం వద్దన్నాడు. ఏమైందంటే, ‘ఏమీ లేదు, కత్తి వాసన పోవట్లేదు’ అన్నాడు. తనేమో నవ్వింది కూడా!

“ఏవండీ,” అంది.

“అయితే నువ్వేనా అన్నా చెప్పింది?” అన్నాడు మందుల షాపాయన, నోరెళ్ళబెట్టి. “సొంత బామ్మర్ది మీద?”

“చెప్పింది నేను కాదు.” అన్న ఎవరి ముఖమూ చూడకుండా అద్దంలోకి చూస్తూ అన్నాడు. “ఎవరు చెప్పారో నాకూ తెలియదు. చూసినవాళ్ళు ఇంకెవరో ఉన్నారు. చెప్పే ధైర్యమే నాకుంటే ఇవాళ ఈ గదిలో ఇలా జరగనిస్తానా?” తర్వాత వెల్డరు వైపు తిరిగాడు. “నువ్వు కాసేపు బయట నిలబడు వెల్డరూ. ఇంటివాళ్ళతో ఒక మాట మాట్లాడుకోవాలి.”

వెల్డరు కదల్లేదు. భుజం మీది తువ్వాలుతో నురగా, నెత్తురూ కలిపి తుడుచుకున్నాడు. బెంచీ దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి బాబాయి ఒళ్ళో పెట్టి, ఆ చోటులో కూర్చున్నాడు.

“ఇందాక నేను దొంగనైనప్పుడు అందరి ఎదుటే అడిగారు,” అన్నాడు. “ఇప్పుడూ అందరి ఎదుటే చెప్పన్నా.”

బాబాయి తల ఊపాడు. “చెప్పరా అబ్బాయ్.”

అన్న వదిన వైపు ఒక్కసారి చూశాడు. కట్టుకున్నప్పటి నుంచి ఆవిడ ఎరిగిన చూపు కాదది.

“వీడు గేటు వేశాడు, నిజమే,” అన్నాడు. “కానీ అది పూర్తిగా పడలేదు. అతను చిన్న తలుపు పట్టుకుని వేలాడుతున్నాడు. అప్పుడు నేను వీడి వెనకాలే ఉన్నాను. వీడు కొయ్యబారిపోయి నిలబడ్డాడు. లోపలివాళ్ళు నా వైపు తిరిగి అరిచారు.” తన చేతులకేసి చూసుకున్నాడు. “ఆ వేళ్ళు ఊడదీసింది వీడు కాదు. నేను.”

వదిన అడుగు ఒకటి దానంతటదే వెనక్కి పడింది.

బెంచీ మీది నుంచి వెల్డరు లేచాడు. అతని అడుగు మాత్రం ముందుకే పడింది. అన్న చేతిలో కత్తి ఇంకా మడిచి లేదు.